మంద కట్టించాక మాట మారితే

గట్టు మీది మాట: వారం వారం

"ఈ ఏడు మావాడే చేసుకుంటానంటున్నాడు అబ్బాయ్, ఏమనుకోమాక."

నకరికల్లు మండలంలో చల్లగుండ్ల, కుంకలగుంట, చేజెర్ల, ఏ ఊరి కౌలుదారు అయినా ఈ మాటకు భయపడతాడు. ఉగాదికి మాటైంది. సగం కౌలు చేతిలో పెట్టాడు. లోతుదుక్కి దున్నించాడు, ఎరువు తోలించాడు, నాలుగు రాత్రులు గొర్రెల మంద కట్టించాడు. అప్పుడొస్తుంది ఈ కబురు. "మావాడు" అంటే కొడుకు కాదనీ, ఎకరానికి నాలుగు వేలు ఎక్కువిస్తానన్న మరో కౌలుదారు అనీ తెలియడానికి వారం కూడా పట్టదు. ఇచ్చిన అడ్వాన్సు మాత్రం "చూద్దాంలే" దగ్గర ఆగుతుంది.

కాగితం లేదు కాబట్టి మనకేమీ లేదని కౌలుదారు అనుకుంటాడు. ఆసామి కూడా అదే అనుకుంటాడు. ఇద్దరి లెక్కా తప్పే. నోటిమాట కూడా ఒప్పందమే. మాట తప్పినవాడు ఎదుటివాడి నష్టం కట్టివ్వాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ చెబుతుంది. అంటే అడ్వాన్సు ఒక్కటే కాదు, ఆ మాట నమ్మి పెట్టిన దుక్కి ఖర్చు, ఎరువు, మంద కూలీ కూడా అడగొచ్చు. డబ్బు వద్దు, ఒప్పుకున్న చేనే ఇప్పించమని 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కింద దావా వేయొచ్చు. 2018 సవరణకు ముందు అది జడ్జి విచక్షణ మీద ఆధారపడేది. ఇప్పుడు ఒప్పందం రుజువైతే, చట్టం చెప్పిన కొద్దిపాటి మినహాయింపులు పోను, అమలు చేయించాల్సిందే. దావాకు మూడేళ్ల గడువుంది. మిర్చి నారు మాత్రం మూడేళ్లు ఆగదు. అందుకే దావాతో పాటే చేను ఇంకొకరికి అప్పగించకుండా మధ్యంతర ఇంజంక్షన్ అడగాలి, అదీ వానలు పడకముందే.

చేలోకి దిగాక కౌలుదారు బలం ఇంకా పెరుగుతుంది. సాగులో ఉన్నవాణ్ని కోర్టు ఉత్తర్వు లేకుండా బలవంతంగా వెళ్లగొడితే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి తెచ్చుకోవచ్చు. పాసుపుస్తకం ఎవరి పేరున ఉందన్నది ఆ దావాలో ప్రశ్నే కాదు. "నా పొలం, నా ఇష్టం" అని నిలువు పైరు మీద ట్రాక్టరు తోలిన ఆసామి అక్కడ ఓడిపోతాడు. పైరు నాశనం చేయడం నేరం కూడా. స్టేషన్లో "సివిల్ గొడవ, కోర్టుకు పోండి" అంటే అక్కడితో ఊరుకోనక్కర్లేదు.

నకరికల్లు అడ్డరోడ్డులో షాపు అద్దెకు తీసుకున్నవాడి సంగతి వేరు. అక్కడ అందరూ పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకుంటారు. నెలనెలా అద్దెకున్నవాణ్ని ఖాళీ చేయించాలంటే పదిహేను రోజుల నోటీసు కావాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతుంది. సాగుభూమి కౌలును మాత్రం ఆ చట్టమే 117వ సెక్షన్లో పక్కన పెట్టేసింది.

సాగుకు ఆంధ్ర ప్రాంతంలో 1956 కౌలు చట్టం వచ్చింది. 1974 సవరణ తర్వాత దాని ప్రకారం కౌలు కనీసం ఆరేళ్లు, రాతపూర్వకంగా ఉండాల్సి వచ్చింది. కోర్టు ద్వారా తప్ప కౌలుదారును తీయడానికి వీల్లేకపోయింది. కాగితం మీద ఇంతకంటే గట్టి రక్షణ ఉండదు. ఆ గట్టిదనమే కొంప ముంచింది. ఆరేళ్లన్న మాట వినగానే ఆసాములు రాయడమే మానేశారు. 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డులు వచ్చాయి, వాటికి ఆసామి సంతకం అక్కర్లేదు. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం ఆ సంతకాన్ని మళ్లీ తప్పనిసరి చేసింది. ఒప్పందం పదకొండు నెలలే, భూమి మీద ఏ హక్కూ రాదు అని చట్టమే చెబుతున్నా సంతకం పెట్టేవాళ్లు తక్కువ. ఆసామికి ఆ పొలం మీద బ్యాంకులో తన అప్పు ఉంటుంది. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న కొడుకు "నాన్నా, దేనిమీదా సంతకం పెట్టకు" అని ఫోన్లో చెబుతుంటాడు. ఆ భయాన్ని నేను ఎగతాళి చేయను. కానీ కౌలుదారు హక్కుల తాళంచెవిని ఆసామి జేబులోనే పెట్టిన చట్టాన్ని హక్కుల చట్టం అనడం నాకు మింగుడుపడదు.

కౌలుదారే మాట తప్పే ఏళ్లూ ఉంటాయి. 2025 మొదట్లో మిర్చి ధర కూలి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర నిర్ణయించాల్సి వచ్చింది. అలాంటప్పుడు చేను వదిలేసి పోయేవాణ్ని ఆసామీ ఇవే చట్టాలతో నిలదీయొచ్చు.

సంతకం దొరకనివాడు సాక్ష్యం పోగేసుకోవాలి. అడ్వాన్సు నోట్లుగా కాకుండా ఫోన్‌పేలో పంపి, "ఫలానా చేను కౌలు" అని కింద రాయాలి. ఆసామి పంపిన వాట్సాప్ వాయిస్ చెరిపేయకూడదు, ఆ ఫోనూ మార్చకూడదు. ఎరువు బిల్లు తన పేరున తీసుకోవాలి. ఈ-పంటలో సాగుదారుగా తన పేరు పడిందో లేదో రైతు సేవా కేంద్రంలో చూసుకోవాలి. కోర్టుకు పోవాల్సి వస్తే ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవల సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

ఇంకో సాక్షిని అందరూ మరిచిపోతారు. ఆ నాలుగు రాత్రులూ ఆ చేలోనే పడుకుని, మందకు డబ్బు ఎవరి చేతి మీదుగా అందిందో తెలిసిన గొర్రెల కాపరి. మంద ఊరు దాటకముందే అతని ఫోన్ నంబరు రాసి పెట్టుకోండి.