కారు పొడవు కొలిచే పన్ను పొగను ఎందుకు కొలవదు?

గత నెల ఖమ్మం నుంచి మా బాబాయి ఫోన్ చేశాడు. "మెకానికల్ ఇంజినీరింగ్ చదివావు కదరా, హైబ్రిడ్ కారు కొంటే లాభమా నష్టమా చెప్పు" అన్నాడు. నానమ్మను నెలకోసారి హైదరాబాద్ ఆస్పత్రికి తీసుకెళ్లాలి, ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరుగుతుంది. రెండు వాక్యాల్లో చెప్పేయొచ్చు అనుకున్నాను. లెక్క వేయడం మొదలుపెడితే తేలింది ఏమిటంటే, ఈ ప్రశ్నకు జవాబు ఇంజిన్‌లో లేదు, జీఎస్టీ శ్లాబులో ఉంది.

మన జీఎస్-3 నోట్స్‌లో హైబ్రిడ్ మీద రెండే వాక్యాలు కనిపిస్తాయి. ఒకటి: "హైబ్రిడ్ అనేది ఈవీకి వారధి, పన్ను తగ్గించాలి." రెండోది: "హైబ్రిడ్ కూడా పెట్రోలు కారే, రాయితీ అనవసరం." రెండూ సోమరి వాక్యాలే అని నా వాదన. అంకెలతోనే చూద్దాం.

ముందు స్థలం. హోండా సిటీ పెట్రోల్ డిక్కీ 506 లీటర్లు. అదే కారు హైబ్రిడ్‌లో 306 లీటర్లు. గ్రాండ్ విటారా మైల్డ్ హైబ్రిడ్‌లో 373 లీటర్లు ఉన్న డిక్కీ, స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో 265కు పడిపోతుంది. పెట్రోలు కారుగానూ అమ్మే బాడీలోనే డిక్కీ కింద బ్యాటరీ సర్దితే వచ్చే ఫలితం ఇది. షోరూంలో ఒక హైబ్రిడ్ డిక్కీలో నానమ్మ వీల్‌చెయిర్ పెట్టి చూశాడు బాబాయి. పట్టలేదు. బ్రోచర్‌లోని మైలేజీ అంకె ఆ లోటు తీర్చదు.

రెండోది పనితీరు. ఇక్కడ హైబ్రిడ్‌ను తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. సిటీ పెట్రోల్ ఇంజిన్ టార్క్ 145 న్యూటన్ మీటర్లు, హైబ్రిడ్ మోటార్ టార్క్ 253. సిగ్నల్ దగ్గర ఆగి కదిలే ట్రాఫిక్‌లో మోటారే కారును లాగుతుంది, బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తిలో కొంత తిరిగి బ్యాటరీలోకి వెళుతుంది. అందుకే ఊళ్లో హైబ్రిడ్ లాభం ఎక్కువ, హైవే మీద తక్కువ.

మూడోది ధర. గ్రాండ్ విటారా 2022లో వచ్చినప్పుడు ఆటోమేటిక్ మైల్డ్ హైబ్రిడ్‌కూ స్ట్రాంగ్ హైబ్రిడ్‌కూ పై వేరియంట్లలో తేడా సుమారు రెండున్నర లక్షలు. కంపెనీ చెప్పిన మైలేజీ మొదటిదానికి 20.58, రెండోదానికి 27.97. ఏడాదికి 12 వేల కిలోమీటర్లకు మిగిలేది 154 లీటర్లు. లీటరు 107 రూపాయలు అనుకుంటే 16,500 రూపాయలు. ఆ రెండున్నర లక్షలు తిరిగి రావడానికి 15 ఏళ్లు పడుతుంది. ఆర్సీ గడువూ 15 ఏళ్లే! పూర్తిగా ఊళ్లోనే తిరుగుతూ ఒకటి 12, ఇంకొకటి 20 ఇస్తుందనుకున్నా ఆరేళ్లు. అదే ఏడాదికి 48 వేల కిలోమీటర్లు తిప్పే క్యాబ్ డ్రైవర్‌కు కంపెనీ మైలేజీ లెక్కలోనే నాలుగేళ్లలోపు వచ్చేస్తుంది. అంటే ఎవరికి ఈ కారు నిజంగా అవసరమో వాళ్లకే కొనే స్తోమత లేదు.

ధర ఎందుకు అంత? 18 లక్షల ఎక్స్‌షోరూం ధరలో 40 శాతం జీఎస్టీ కింద పోయేది దాదాపు 5 లక్షల 14 వేలు. 2017 నుంచి హైబ్రిడ్ మీద 28 శాతం జీఎస్టీ, 15 శాతం సెస్, మొత్తం 43 శాతం ఉండేది. అదే సైజు పెట్రోలు కారుకు 45. తేడా రెండు శాతమే అయినా తేడా అంటూ ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి రెండూ 40. తక్కువ పెట్రోలు తాగే కారుకు మిగిలిన ఆ చిన్న మర్యాద కూడా పోయింది.

అసలు అభ్యంతరం ఇదీ కాదు. 18 శాతం శ్లాబులోకి రావాలంటే పెట్రోలు కారు, హైబ్రిడ్ ఏదైనా పొడవు 4,000 మిల్లీమీటర్లు, ఇంజిన్ 1200 సీసీ దాటకూడదు. ఇప్పుడు జపాన్‌లో అమ్మే చిన్న హైబ్రిడ్లను ఈ గీటురాయి మీద పెట్టండి. టొయోటా యారిస్: పొడవు 4,000 లోపే, సరిపోయింది. ఇంజిన్ 1490 సీసీ, ఫెయిల్. హోండా ఫిట్: పొడవు 3,995, ఇంజిన్ 1500 సీసీ దరిదాపుల్లో, ఫెయిల్. నిస్సాన్ నోట్: ఇంజిన్ 1198 సీసీ, పాస్. పొడవు 4,045, నలభై ఐదు మిల్లీమీటర్ల తేడాతో ఫెయిల్. యారిస్‌లో బ్యాటరీ వెనుక సీటు కింద ఉంటుంది, డిక్కీని తినదు. బాబాయికి కావలసింది సరిగ్గా అలాంటి కారు. ఆ కొలతలతో ఇక్కడ తయారు చేసినా 40 శాతమే పడుతుంది. ఇక ఏ కంపెనీ తెస్తుంది?

సీసీ మీద పన్ను వేయడం ఇంజినీరింగ్ పరంగా కూడా తప్పు. ఈ హైబ్రిడ్లలో చాలావాటిలో ఉండేది అట్కిన్‌సన్ సైకిల్. ఇన్‌టేక్ వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటుంది, పీల్చుకున్న గాలిలో కొంత వెనక్కి పోతుంది, విస్తరణ మాత్రం పూర్తిగా జరుగుతుంది. శక్తి కొంత తగ్గుతుంది, సామర్థ్యం పెరుగుతుంది. ఆ తగ్గిన శక్తిని పూడ్చడానికే ఇంజిన్ కాస్త పెద్దదిగా పెడతారు, మోటారును తోడిస్తారు. అంటే ఇక్కడ ఎక్కువ సీసీ పొదుపు కోసం. మన పన్ను దాన్ని విలాసంగా చదువుతోంది.

లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. 27.97 ఇచ్చే హైబ్రిడ్ కిలోమీటరుకు 82 గ్రాములు వదులుతుంది, పన్ను 40 శాతం. 20 ఇచ్చే చిన్న పెట్రోలు కారు 115 గ్రాములు వదులుతుంది, పన్ను 18 శాతం. కోటి రూపాయల విలాసవంతమైన ఎలక్ట్రిక్ కారుకు 5 శాతం. ఇందులో ఏ సూత్రం ఉందో ఎవరైనా చెప్పగలరా? కంపెనీల సగటు ఉద్గారాలు లెక్కించే కేఫ్ నిబంధనల్లో 2022-23 నుంచి పరిమితి కిలోమీటరుకు 113 గ్రాములు. అక్కడ ఒక స్ట్రాంగ్ హైబ్రిడ్‌ను రెండు కార్లుగా లెక్కించి ప్రోత్సాహం ఇస్తారు. ఒక చేత్తో మెచ్చుకోలు, ఇంకో చేత్తో మొట్టికాయ. రాష్ట్రాలదీ తలో దారే. ఉత్తరప్రదేశ్ 2024 జులైలో స్ట్రాంగ్ హైబ్రిడ్లకు రిజిస్ట్రేషన్ పన్ను ఎత్తేసింది. తెలంగాణ అదే ఏడాది నవంబర్‌లో ఆ మినహాయింపును ఈవీలకు ఇచ్చింది.

ఎదుటి వాదనలో బలం లేకపోలేదు. హైబ్రిడ్ చివరికి నడిచేది పెట్రోలు మీదే, ముడిచమురులో 85 శాతానికి పైగా మనం దిగుమతి చేసుకుంటున్నాం. హైబ్రిడ్‌కు ఈవీతో సమానంగా 5 శాతం ఇమ్మంటే నేనూ ఒప్పుకోను. ఆ డబ్బు పోయేది 18 లక్షల కారు కొనగలిగిన వాళ్లకే. నేను అడిగేది రాయితీ కాదు, కొలమానం మార్పు. పొడవు, సీసీ తీసేసి, పరీక్షలో తేలిన గ్రాములను బట్టి మెట్లు మెట్లుగా పన్ను వేయండి. ఈవీ కింది మెట్టు మీదే ఉంటుంది. మంచి హైబ్రిడ్ దాని పైన, ఇంధనం తాగే ఎస్‌యూవీ అన్నిటికన్నా పైన. మెట్ల రేట్లు సరిచూసుకుంటే ఖజానాకు నష్టం రాకుండా చేయొచ్చు. 279ఏ అధికరణ కింద ఏర్పడిన జీఎస్టీ మండలి చేయగల పనే ఇది.

బాబాయి చివరికి నాలుగు మీటర్లలోపు పెట్రోలు కారు బుక్ చేశాడు. వీల్‌చెయిర్ పట్టింది. అతను తప్పు చేశాడని అనను, ఆ లెక్కలో నేనున్నా అదే చేసేవాణ్ని. కానీ రాబోయే పదిహేనేళ్లు ఆ కారు తాగే అదనపు పెట్రోలుకు కారణం అతని ఇష్టం కాదు, మనం రాసుకున్న నిబంధన.

అభ్యాస ప్రశ్న: "వాహనాలపై పన్ను పరిమాణాన్ని బట్టి కాక ఉద్గారాలను బట్టి ఉండాలి." చర్చించండి. (250 పదాలు) రాసేటప్పుడు "వారధి" అనే మాట వాడకుండా ప్రయత్నించండి. వాదన దానంతటదే బలపడుతుంది.