మోకాలికి బదులు మూడో చక్రం

పెట్రోలు బంకు ముందు నేల ఎక్కడైనా కాస్త వాలుగానే ఉంటుంది. అమెరికాలో ఓ హైవే పక్కన అలాంటి బంకు ఒకటి అనుకుందాం. హోండా గోల్డ్‌వింగ్ మీద పొద్దుటినుంచి మూడు వందల మైళ్లు హాయిగా వచ్చిన అరవై ఎనిమిదేళ్ల మనిషి అక్కడ ఆగాడు. వెనక భార్య. పక్క పెట్టెల్లో వారానికి సరిపడా బట్టలు. బండి బరువే 380 కిలోల దాకా ఉంటుంది. ఎడమ కాలు కింద పెట్టాడు. బూటు కింద ఎవరో ఒలకబోసిన డీజిల్. కాలు జానెడు జారింది, అంతే. 70 మైళ్ల వేగంలో బెసగని బండి, ఆగిన చోట మెల్లగా, ఆపడం ఎవరి తరమూ కానంత మెల్లగా పక్కకు ఒరిగిపోయింది.

పెద్ద దెబ్బలేమీ తగలకపోవచ్చు. బంకులో ఉన్న ఇద్దరు కుర్రాళ్లు వచ్చి బండి లేపి నిలబెడతారు. కానీ ఆ సాయంత్రం నుంచి ఆ ఇంట్లో ఒక మాట మొదలవుతుంది: ‘ఇక చాల్లే, అమ్మేద్దాం.’

అమ్మనక్కర్లేదన్నదే ఈ వారం మాట. వయసు మళ్లాక మోటార్‌సైకిల్‌తో వచ్చే చిక్కు ఎక్కువసార్లు పరుగులో కాదు, ఆగడంలో వస్తుంది. రెండు చక్రాల బండి పరుగులో ఉన్నంతసేపు చాలావరకు తన్ను తానే నిలబెట్టుకుంటుంది. వేగం మనిషి నడకకు తగ్గాక దాన్ని మోయాల్సినవి మోకాలు, తుంటి, నడుము. చూపు బాగానే ఉండి, మతి చురుగ్గానే ఉండి, చేతుల్లో పట్టు ఉండి, ఒక్క మోకాలు మాట విననందుకు నలభై ఏళ్ల అలవాటును మూలన పెట్టేయడం అన్యాయం. మూడో చక్రం ఆ మోకాలికి బదులు వచ్చింది. ధైర్యానికో నేర్పుకో బదులుగా వచ్చింది కాదు.

అమెరికాలో ఈ అవసరం లెక్కల్లో కూడా కనిపిస్తుంది. అక్కడి మోటార్‌సైకిల్ పరిశ్రమ మండలి సర్వే ప్రకారం 1990లో బండి యజమానుల మధ్యస్థ వయసు 32. 2018 నాటికి అది 50కి చేరింది. అంటే సగం మంది యాభై దాటినవాళ్లే. హార్లే డేవిడ్‌సన్ ఆ మార్పు సాగుతుండగానే మేల్కొంది. 2009 మోడల్‌గా ట్రై గ్లైడ్ అనే మూడు చక్రాల టూరింగ్ బండిని తెచ్చింది. ముందు ఒక చక్రం, వెనక రెండు, వాటి మధ్య పెద్ద డిక్కీ. బరువు 560 కిలోల పైమాటే, కానీ ఆ బరువును ఎవరూ కాలితో మోయక్కర్లేదు. వెనక్కి నడపడానికి కరెంటు మోటారుతో రివర్స్ కూడా ఉంది. ధర మాత్రం 35 వేల డాలర్లు దాటుతుంది. గోల్డ్‌వింగ్‌ను హోండా మూడు చక్రాలతో అమ్మదు. అది కావాలనుకునేవాళ్లు వేరే కంపెనీలు తయారుచేసే వెనక భాగాన్ని కొని బిగించుకుంటారు.

హార్లేకు మూడు చక్రాలు కొత్త కాదు. 1932లో సర్వీ-కార్ అనే బండి తెచ్చి 1973 దాకా తయారుచేసింది. దాన్ని పుట్టించిన అవసరం ముచ్చటైనది. రిపేరైన కారును మెకానిక్ కస్టమర్ ఇంటికి చేర్చాలి, మళ్లీ షెడ్డుకు రావాలి. రెండో మనిషి లేకుండా ఎలా? సర్వీ-కార్‌ను కారు వెనక బంపరుకు కొక్కెంతో తగిలించి ఈడ్చుకుపోయేవాడు. కారు అప్పజెప్పి, కొక్కెం విప్పి, అదే బండెక్కి తిరిగొచ్చేవాడు. తర్వాత పోలీసులూ దాన్ని వాడారు. రోడ్డు వారగా మెల్లగా పోతూ, సీటు దిగకుండానే ఆగి ఉన్న కార్ల టైర్ల మీద సుద్దముక్కతో గీత గీసేవారు, ఎంతసేపటినుంచి ఆగి ఉన్నాయో తెలియడానికి. పదడుగులకోసారి ఆగే పనికి రెండు చక్రాలు పనికిరావని అప్పటికే తేలిపోయింది.

కెనడాలో క్యూబెక్ రాష్ట్రంలోని వాల్‌కూర్ అనే ఊరి కంపెనీ బీఆర్‌పీ వేరే దారి పట్టింది. మంచు మీద నడిచే స్నోమొబైల్‌కు పేరు తెచ్చిన బొంబార్డియే కుటుంబపు కంపెనీ వారసత్వం దానిది. స్నోమొబైల్‌కు ముందు రెండు స్కీలు, వెనక ఒక పట్టా ఉంటాయి. 2007లో వచ్చిన కెన్-ఆమ్ స్పైడర్‌దీ అదే పొందిక: ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. మలుపులో బ్రేకు వేస్తే బరువు ముందుకు వస్తుంది. అక్కడ రెండు చక్రాలు ఉంటే బండి నిలకడగా ఉంటుంది. స్పైడర్‌కు బ్రేకు చేతికి లేదు, కాలి కింద ఒకటే పెడల్, మూడు చక్రాలకూ అదే. క్లచ్ నొక్కే పని లేని రకం కూడా ఉంది. వేళ్ల కీళ్లు పట్టేసేవాళ్లకు అదెంత పెద్ద ఊరటో అనుభవించేవాళ్లకే తెలుసు.

ఇటలీ కంపెనీ పియాజియో 2006లో తెచ్చిన ఎంపీ3 స్కూటర్‌కు కూడా ముందు రెండు చక్రాలే. అయితే అవి బండితోపాటు మలుపులో వాలతాయి. పియాజియో అంటే తెలుగువాళ్లకు పరాయి పేరేమీ కాదు. మన ఊళ్లలో సరుకులూ మనుషులూ మోసే ‘ఆపే’ ఆటోలు ఆ కంపెనీవే.

ఆటో మాట వచ్చింది కాబట్టి అసలు విషయం ఇక్కడే చెప్పుకోవాలి. మూడు చక్రాలంటే పడిపోని బండి, కనుక సులువైన బండి అనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. నలభై ఏళ్లు బుల్లెట్ నడిపినవాడి కన్నా విజయవాడ ఆటో డ్రైవరుకే ట్రైక్, అంటే ఈ మూడు చక్రాల మోటార్‌సైకిల్, తొందరగా వశమవుతుంది.

ఎందుకంటే, రెండు చక్రాల బండి వేగంలో ఉండగా ఎడమకు తిరగాలంటే హ్యాండిల్ ఎడమ పిడిని కాస్త ముందుకు నెట్టాలి. చాలామందికి తాము ఆ పని చేస్తున్నట్టే తెలియదు. ఒంటికి తెలుసు. నెట్టగానే బండి ఎడమకు వాలుతుంది, వాలి తిరుగుతుంది. ఎంపీ3 లాంటివి తప్పిస్తే ట్రైక్ వాలదు. ఎడమ పిడిని ముందుకు నెడితే ముందు చక్రం కుడికి తిరుగుతుంది, బండి కుడికే పోతుంది. నలభై ఏళ్లుగా చేతులు నేర్చిన విద్య మొదటి మలుపులోనే ఎదురు తిరుగుతుంది. ఆటో హ్యాండిల్ పట్టినవాడికి ఈ గొడవ లేదు. ఎటు తిప్పితే అటు పోయే బండే అతను మొదటినుంచీ ఎరిగినది.

మలుపులో బండి వాలదు కాబట్టి ఆ ఊపు మనిషి మీదికి వస్తుంది. ఒళ్లు బయటికి ఈడ్చుకుపోతుంటే చేతులతో, తొడలతో ఆపుకోవాలి. వేగం మరీ ఎక్కువైతే లోపలివైపు వెనక చక్రం నేల విడుస్తుంది. ఆటోలో కూర్చుని జోరుగా మూల మలుపు తిరిగిన ప్రతివాళ్లకూ ఆ గుండె జారడం అనుభవమే. గుంతల సంగతీ అంతే. రెండు చక్రాల బండిది ఒకటే జాడ, గుంతను తప్పించుకుని పోతుంది. ట్రైక్‌వి మూడు జాడలు. ముందు చక్రం తప్పించిన గుంతలో వెనక చక్రం పడుతుంది.

అన్నిటికన్నా కాలి సంగతి భయపెట్టేది. బండి మెల్లబడగానే కాలు కింద పెట్టడం ద్విచక్ర వాహనదారుడి ఒంట్లో ఇంకిపోయిన అలవాటు. వెనక రెండు చక్రాలున్న ట్రైక్ మీద అలా పెడితే, ఇంకా కదులుతున్న చక్రం ఆ మడమ మీదికి ఎక్కుతుంది. మోకాలిని కాపాడుకోవడానికి కొన్న బండి మోకాలిని మెలితిప్పేస్తుంది. బండి పూర్తిగా ఆగినా సరే, పాదాలు ఫుట్‌బోర్డు మీదే ఉండాలి. దిగే ముందు పార్కింగ్ బ్రేకు వేయాలి. సైడ్ స్టాండు అలవాటున్నవాళ్లు ఇది మరిచిపోతారు, బండి తనంతట తాను వాలులోకి దొర్లిపోతుంది.

అందుకే అమెరికాలో మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ మూడు చక్రాల బండికి వేరుగా కోర్సు పెట్టింది. కాలిఫోర్నియాలో మాత్రం మామూలు కారు లైసెన్సుతోనే ట్రైక్ నడపవచ్చు. చట్టం ఒప్పుకుంది కదా అని నేరుగా హైవే ఎక్కకూడదు. డెబ్భై ఏళ్ల మనిషి పాతికేళ్ల కుర్రాడి పక్కన నిలబడి, ఖాళీ పార్కింగ్ స్థలంలో ప్లాస్టిక్ కోన్ల మధ్య ఓనమాలు దిద్దుకోవడంలో చిన్నతనమేమీ లేదు. ఫ్రాన్స్‌లో 2011 నుంచి కారు లైసెన్సుతో ఇలాంటి బండ్లు నడపాలనుకునేవాళ్లు ఏడు గంటల శిక్షణ తీసుకోవాలి. సరైన పద్ధతి అదే.

శిక్షణ పొందినా ఇది కారు కాదు. చుట్టూ రేకు లేదు, సీటు బెల్టు లేదు. అమెరికా ప్రభుత్వ లెక్కల్లో, నడిచిన మైళ్లను బట్టి చూస్తే, మోటార్‌సైకిల్ మీద చనిపోయే ప్రమాదం కారులో ఉన్నవాళ్లకన్నా 20 రెట్లకు పైనే. మూడో చక్రం బండి ఒరిగిపోకుండా చూస్తుందే తప్ప, ఎదురుగా వచ్చి అడ్డంగా తిరిగే కారు డ్రైవరుకు కళ్లు తెప్పించలేదు. ఏటా ఆగస్టులో లక్షల బండ్లు చేరే స్టర్జిస్ ఊరున్న సౌత్ డకోటాలో, పద్దెనిమిదేళ్లు నిండినవారికి హెల్మెట్ తప్పనిసరి కాదు. తెల్లజుట్టు గాలికి ఎగురుతుంటే ఫొటో బాగుంటుంది. ఆ తలలో డెబ్భై ఏళ్ల జ్ఞాపకాలున్నాయి. హెల్మెట్ పెట్టుకోవాల్సిందే.

వయసు మళ్లినా బండి వదలని డాట్ రాబిన్‌సన్ కథ ఇక్కడ చెప్పుకోవాలి. 1912లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో పుట్టారు. తండ్రి సైడ్‌కార్లు తయారుచేసేవాడు. నొప్పులు పడుతున్న తల్లిని ఆ సైడ్‌కార్‌లోనే ఆస్పత్రికి తీసుకెళ్లాడని చెబుతారు. ఆ తర్వాత కుటుంబం అమెరికా చేరింది. 1940లో మిషిగన్ అడవుల్లో జరిగిన జాక్ పైన్ పోటీలో, మగవాళ్లే చతికిలబడే ఇసుకలో, బురదలో, ఆమె సైడ్‌కార్ విభాగం గెలిచారు. అదీ మూడు చక్రాల బండే. మోటార్ మెయిడ్స్ అనే మహిళల సంఘానికి తొలి అధ్యక్షురాలు ఆమే. గులాబీ రంగు దుస్తుల్లో దేశమంతా తిరిగారు. 85 ఏళ్ల వయసులో బండి ఆపేశారు, అదీ మోకాలి వల్లే.

సౌత్ డకోటాలోని బ్లాక్ హిల్స్ కొండల్లో ఐరన్ మౌంటెన్ రోడ్ అని ఒకటుంది. 17 మైళ్లలో 314 మలుపులు. కొన్నిచోట్ల రోడ్డు కర్ర వంతెన మీదుగా చుట్టు తిరిగి తన కిందనుంచి తానే దూరుతుంది. ఒకే బండి పట్టే సొరంగాల్లోంచి చూస్తే మౌంట్ రష్‌మోర్ శిలా ముఖాలు చట్రం కట్టిన పటంలా ఎదురవుతాయి. జనం మెల్లగా పోతూ చూడాలనే ఆ రాష్ట్ర సెనేటర్ పీటర్ నార్బెక్ దాన్ని అలా వేయించాడు. ట్రైక్‌కు ఇంతకన్నా తగిన రోడ్డు లేదు. సొరంగం ముందు ఎదుటి కారు వచ్చేదాకా ఆగాలన్నా, లోయ చూడ్డానికి వంతెన మీద నిమ్మదించాలన్నా కాలు నేల వెతుక్కోదు. సాయంత్రానికి భుజాలు మాత్రం పీకుతాయి. రోజుకు అయిదు వందల మైళ్ల లెక్క మానేసి రెండు వందలతో సరిపెట్టుకుంటే ఆ నొప్పీ ఉండదు.

1990ల చివర వైటూకే కంప్యూటర్ పనుల మీద అమెరికా వెళ్లిన తెలుగు కుర్రాళ్లు ఇప్పుడు యాభై దాటుతున్నారు. పిల్లలు కాలేజీలకు పోయారు. అప్పట్లో అబిడ్స్‌లోనో వైజాగ్ బీచ్ రోడ్డులోనో యమహా ఆర్‌ఎక్స్ 100 నడిపిన చేతులే అవి. వాళ్లలో కొందరైనా ఈ బండ్ల వైపు చూస్తారు. చూడాలి కూడా.

ఇక్కడి పెద్దల సంగతి మాత్రం బాధగా ఉంటుంది. మోకాలి ఆపరేషన్ అయ్యాక స్కూటర్ తాళాలు కొడుకు తీసేసుకుంటాడు. నూరు కిలోల పైచిలుకు బండిని స్టాండు వేయలేని మనిషి ఇక కూరగాయలకూ, గుడికీ, స్నేహితుడి ఇంటికీ ఎవరినో ఒకరిని అడగాల్సిందే. వెనక రెండు పక్క చక్రాలు బిగించిన స్కూటర్లు మన వీధుల్లో ఉన్నాయి. కానీ అవి దివ్యాంగుల బండ్లన్న ముద్ర పడింది. వాటిని ఎక్కడానికి పెద్దవాళ్లకు అభిమానం అడ్డొస్తుంది. ఆ ముద్ర దివ్యాంగులకూ అవమానమే. ముందు రెండు చక్రాలతో వాలే చిన్న స్కూటర్లు మన మామూలు షోరూముల్లో కనబడవు. ఇన్ని లక్షల ఆటోలు తయారుచేసే దేశానికి, అరవై దాటినవారికోసం ఒక నిలకడైన స్కూటర్ చేయడం చేతకాని పనేమీ కాదు. ఆ పని కంపెనీలు చేపట్టాలి, రవాణా శాఖ దానికి రిజిస్ట్రేషన్ దారి సులువు చేయాలి.

ఈ చర్చలో ఎవరూ అడగనిది వెనక కూర్చునే మనిషి మాట. రెండు చక్రాల బండి ఎక్కాలంటే ఆమె ముందుగా చెప్పాలి. ఆయన రెండు కాళ్లూ గట్టిగా పెట్టి, పళ్లు బిగించి ‘ఊఁ’ అన్నాక భుజం పట్టుకుని కాలు ఎత్తి వేయాలి. దిగేటప్పుడూ అంతే. ఆయన మోకాలి మీద నమ్మకం పోయిన రోజు, ఆ ‘ఊఁ’ కోసం ఎదురుచూసే క్షణం ఆమెకు నరకం. ట్రైక్ మీద ఆ ఘట్టమే లేదు. పార్కింగ్ బ్రేకు వేసి ఉంటే చాలు. ఆయన ఇంకా లోపల పెట్రోలుకు డబ్బు కడుతుండగానే ఆమె వచ్చి ఫుట్‌బోర్డు మీద కాలు మోపి, నింపాదిగా ఎక్కి కూర్చుని, హెల్మెట్ పట్టీ బిగించి, గ్లౌజులు తొడుక్కుంటూ ఉంటుంది.