పాలు చాలకపోతే తప్పు తల్లిదా?

‘ఈ కాలం ఆడపిల్లలకి పాలెక్కడ పడతాయండీ’ అన్న మాట వినపడని పురిటిగది మన రెండు రాష్ట్రాల్లో అరుదు. అత్తగారు అంటుంది, చూడవచ్చిన పక్కింటావిడ అంటుంది, డ్యూటీ నర్సూ అంటుంది. కారణాలు కూడా నోటి చివరే ఉంటాయి. పిల్ల సరిగా తినదు, ఒంట్లో రక్తం లేదు, ఓపిక లేదు, అందం పోతుందని భయం, సిజేరియన్ అయింది కాబట్టి మూడు రోజులు పాలు రావు. అన్ని వేళ్ళూ మంచం మీద కుట్లతో పడుకున్న ఆ పిల్ల వైపే చూపిస్తాయి.

ఈ అభిప్రాయం తప్పు. పాలు చాలకపోవడం చాలామంది విషయంలో తల్లి ఒంట్లో మొదలవదు, కాన్పు జరిగిన ఆసుపత్రిలో మొదలవుతుంది. ఇది ఆవేశంతో అంటున్న మాట కాదు. ఇరవయ్యేళ్ళ కిందటే ఒక పిల్లల వైద్యుడు దీన్ని పరీక్షకు పెట్టి తేల్చాడు.

ఆయన పేరు మైఖేల్ క్రేమర్. కెనడాలోని మాంట్రియల్‌లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పరిశోధకుడు. తల్లిపాల మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనల్లో ఒక చిక్కు ఉండేది. పాలిచ్చిన తల్లుల పిల్లల్నీ, డబ్బా పాలు తాగిన పిల్లల్నీ పక్కపక్కన పెట్టి పోల్చేవారు. ధనిక దేశాల్లో పాలిచ్చే తల్లులు సాధారణంగా చదువులోనూ, రాబడిలోనూ కాస్త పైన ఉంటారు. బిడ్డ బాగుంటే అది పాల వల్లా, ఇంటి పరిస్థితి వల్లా అన్నది తేలేది కాదు. పోనీ చీటీలు తీసి ‘నువ్వు పాలివ్వు, నువ్వు ఇవ్వకు’ అని తల్లుల్ని విడదీద్దామా అంటే అంతకన్నా అన్యాయం ఉండదు. అందుకని క్రేమర్ బృందం చీటీలు తల్లుల పేర్లతో కాకుండా ఆసుపత్రుల పేర్లతో వేసింది.

బెలారస్‌లో 31 ప్రసూతి ఆసుపత్రుల్ని, వాటికి అనుబంధంగా ఉన్న పాలీక్లినిక్‌లను తీసుకున్నారు. 1996 జూన్ నుంచి 1997 డిసెంబరు దాకా 17,046 మంది తల్లీబిడ్డల్ని ఈ అధ్యయనంలో చేర్చుకున్నారు. పిల్లలంతా నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టినవాళ్ళు. తల్లులంతా పాలివ్వడం మొదలుపెట్టినవాళ్ళే. అక్కడి ఆసుపత్రులు అప్పటికింకా సోవియట్ కాలపు అలవాట్లతోనే నడుస్తున్నాయి. బిడ్డను గుడ్డలో బిగించి చుట్టి వేరే గదిలో వరసగా పడుకోబెట్టడం, గడియారం చూసి వేళకి మాత్రమే తల్లి దగ్గరికి తేవడం ఆ పద్ధతి. చీటీలో ఒక వైపు వచ్చిన ఆసుపత్రుల్లో ఆ పద్ధతిని మార్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 1991లో మొదలుపెట్టిన కార్యక్రమం నమూనాగా పెద్ద డాక్టర్లకి 18 గంటల శిక్షణ ఇచ్చారు. మంత్రసానులకీ, నర్సులకీ నేర్పారు. అదంతా పూర్తిగా అమలు కావడానికి ఏడాది పైనే పట్టింది. రెండో వైపు ఆసుపత్రులు ఎప్పట్లాగే నడిచాయి.

మూడో నెల వచ్చేసరికి, శిక్షణ పొందిన ఆసుపత్రుల్లో కాన్పైన తల్లుల్లో తల్లిపాలు మాత్రమే ఇస్తున్నవాళ్ళు నూటికి 43.3 మంది. మామూలు ఆసుపత్రుల్లో కాన్పైనవాళ్ళలో నూటికి 6.4.

ఈ రెండు అంకెల దగ్గర కాసేపు ఆగాలి. రెండు వైపులా ఒకే దేశపు ఆడవాళ్ళు. ఒకే తిండి, ఒకే చలి, ఒకే జీతాలు. పిల్లల కోసం మూడేళ్ళ దాకా సెలవు పెట్టుకునే హక్కు రెండు వైపులా ఉంది, కాబట్టి ఉద్యోగం వల్ల అనీ అనలేం. ఒంట్లో రక్తం లేకపోవడం, ఓపిక లేకపోవడం, అందం మీద మోజు, ఇవేవీ చీటీ తీసినప్పుడు ఒక వైపుకే పోయి పడవు. మారింది డాక్టరూ, నర్సూ, వాళ్ళ అలవాటూ. ఆ ఒక్క మార్పుతో ఆరు కాస్తా నలభై మూడైంది. మరి ఆ రెండో వైపు తల్లుల్లో ఎంతమంది ‘నాకు పాలు పడలేదు’ అని తమను తాము తిట్టుకుని ఉంటారు!

ఇది ఎలా జరుగుతుందో చూడటానికి బెలారస్ దాకా వెళ్ళక్కర్లేదు. ఆపరేషన్ అయిన మొదటి రాత్రి చాలు. తల్లి రికవరీ గదిలో ఉంటుంది, నడుం కింద ఇంకా మొద్దుబారే ఉంటుంది. బిడ్డ బయట అమ్మమ్మ చేతుల్లో ఏడుస్తుంటుంది. ‘ఆకలేస్తోంది, తల్లికి పాలు రావు’ అని ఒక చీటీ బయటికి వస్తుంది. తండ్రి పరుగెత్తి కింద మందుల షాపులో పాలపొడి డబ్బా కొనుక్కొస్తాడు. ఉగ్గుగిన్నె నిండా కలిపి పడితే, బిడ్డ పొట్ట నిండి నాలుగు గంటలు కదలకుండా నిద్రపోతుంది. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నష్టం జరిగేది సరిగ్గా అక్కడే. బిడ్డ రొమ్ము చప్పరించిన ప్రతిసారీ తల్లి మెదడు కిందున్న గ్రంథి నుంచి ప్రొలాక్టిన్ విడుదలవుతుంది, దాని వల్లే పాలు ఊరతాయి. చప్పరించే బిడ్డ నిద్రపోతే ఆ పిలుపు అందదు. పాలు తగ్గుతాయి. తగ్గాయి కాబట్టి ఇంకో గిన్నె పడతారు. మూడో రోజుకి ‘చెప్పాంగా, పాలు లేవని’ అంటారు.

మొదటి రోజున ముర్రుపాలు చెంచాల లెక్కలోనే వస్తాయి. బిడ్డకి కావలసిందీ అంతే. ధారగా పాలు దిగడానికి రెండు మూడు రోజులు పడుతుంది, సిజేరియన్ అయితే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. తొలి రోజుల్లో బిడ్డ బరువు కొంత తగ్గడం సహజం. తెలిసిన నర్సు ఆ రాత్రే తల్లిని పక్కకి ఒరిగించి పడుకోబెడుతుంది. కుట్ల మీద ఒత్తిడి పడకుండా వెనక దిండు పెట్టి, బిడ్డ పొట్టను తల్లి పొట్టకి ఆనిస్తుంది. బిడ్డ నోరు బాగా తెరిచేదాకా ఆగి, చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి పోయేలా పట్టిస్తుంది. ఇరవై నిమిషాల పని. ఆ ఇరవై నిమిషాలు కేటాయించే మనిషిని ఆసుపత్రి పెట్టుకోదు. తప్పు తల్లి నెత్తిన పడుతుంది. ఇంటికెళ్ళాక వెల్లుల్లి కారం, మెంతులు, కోస్తాలో అయితే సొరపుట్టు వండి పెడతారు. ప్రేమతో పెట్టేవే, కాదనను. కానీ బిడ్డ నోరు సరిగా పట్టని చోట ఏ పథ్యమూ ఏమీ చెయ్యలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు 41.8 శాతమే. డాక్టరు పక్కనే ఉన్నా ఆ మొదటి గంట సగం మందికి పైగా పిల్లలకి దక్కలేదన్నమాట. అదే సర్వేలో సిజేరియన్ కాన్పులు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. సిజేరియన్ తల్లికి పాలు రావన్న మాటను మనం ఇంకా నమ్మితే, తెలంగాణలో సగానికి పైగా తల్లుల్ని కాన్పు బల్ల మీదే పాలులేనివాళ్ళుగా తేల్చేసినట్టే.

తల్లిపాల పక్షాన మాట్లాడేవాళ్ళతోనూ నాకు ఒక పేచీ ఉంది. గోడల మీది బోర్డుల్లో ఊబకాయం రాదు, ఉబ్బసం రాదు, అలర్జీ రాదు అని రాస్తారు. క్రేమర్ బృందం అదే పిల్లల్ని ఏళ్ళ తరబడి వెంబడించి చూసింది. ఆరున్నరేళ్ళప్పుడు ఉబ్బసంలో తేడా కనపడలేదు, పదకొండున్నరేళ్ళప్పుడు ఊబకాయంలోనూ కనపడలేదు. ఆరున్నరేళ్ళప్పుడు భాషకు సంబంధించిన తెలివితేటల పరీక్షలో శిక్షణ పొందిన ఆసుపత్రుల వైపు పిల్లలకి 7.5 పాయింట్లు ఎక్కువ వచ్చాయి గానీ, పదహారేళ్ళకి ఆ తేడా బాగా తగ్గింది. దొరికినదాన్నీ, దొరకనిదాన్నీ ఒకే గొంతుతో చెప్పిన ఆ నిజాయితీకే ఆయన పని మీద నాకు గౌరవం. లేని లాభాలు జోడిస్తే, పాలివ్వలేకపోయిన తల్లి గుండె మీద ఇంకో బరువు పెట్టడమే అవుతుంది.

ఉన్న లాభం తక్కువేమీ కాదు. మొదటి ఏడాదిలో కనీసం ఒకసారైనా పేగుల ఇన్ఫెక్షన్ వచ్చిన పిల్లలు మామూలు ఆసుపత్రుల వైపు 13.2 శాతం, శిక్షణ పొందిన వైపు 9.1 శాతం. మంచి నీళ్ళూ, ఉచిత వైద్యం ఉన్న దేశంలోనే ఇంత తేడా. అవి లేని చోట ఏమవుతుందో బ్రెజిల్‌లో సీజర్ విక్టోరా 1987లో చూపించాడు. తల్లిపాలు మాత్రమే తాగే పిల్లలతో పోలిస్తే, అసలు తల్లిపాలే అందని పిల్లలు విరేచనాలతో చనిపోయే ప్రమాదం 14.2 రెట్లు. మన బస్తీల్లో కుళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఇంట్లో, డబ్బా నెలాఖరుదాకా రావాలని చెంచా తగ్గించి పల్చగా కలిపే తల్లికి ఈ అంకె వర్తిస్తుంది.

నిజంగా పాలు రాని తల్లులు ఉన్నారు. థైరాయిడ్ సమస్య, కాన్పులో విపరీతంగా రక్తం పోవడం, రొమ్ముకి జరిగిన ఆపరేషన్ వంటివి కారణాలు. నెలలు నిండని పిల్లలకి చప్పరించే శక్తే ఉండదు. అలాంటి పిల్లల కోసమే ముంబయి సయాన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ 1989లో తల్లిపాల బ్యాంకు పెట్టారు, ఆసియాలో అదే మొదటిది. హైదరాబాద్ నిలోఫర్‌లోనూ ఇప్పుడు అలాంటి బ్యాంకు ఉంది. అవసరమైన చోట డబ్బా పాలు మందుతో సమానం. మందులాగే కారణం రాసి ఇవ్వాలి. కారణం లేకుండా అందరికీ రాయడాన్నే నేను తప్పంటున్నాను.

డబ్బా పాలకి ప్రకటనలు వేయకూడదనీ, తల్లులకి ఉచిత నమూనాలు ఇవ్వకూడదనీ, డాక్టర్లకి కానుకలు ఇవ్వకూడదనీ మన దేశంలో 1992 నుంచి చట్టం ఉంది. 2003లో దాన్ని ఇంకా బిగించారు. అయితే తల్లి పక్కన కూర్చుని బిడ్డకి రొమ్ము పట్టించే మనిషిని ప్రతి ప్రసూతి ఆసుపత్రీ నియమించుకోవాలని ఆ చట్టం అడగదు. అది అడగాలి. లైసెన్సు ఇచ్చేటప్పుడూ, ఆరోగ్యశ్రీలో చేర్చుకునేటప్పుడూ రాత్రి డ్యూటీలో ఆ మనిషి ఉన్నదో లేదో చూడాలి. డిశ్చార్జి కాగితం మీద బిడ్డ బరువు, వేసిన టీకాల పక్కన ఇంకో రెండు గళ్ళు ఉండాలి: పుట్టిన ఎంతసేపటికి రొమ్ము పట్టించారు, డబ్బా పాలు ఇచ్చి ఉంటే ఏ కారణంతో ఎవరు రాశారు. ఆ రెండో గడి కింద డాక్టరు సంతకం ఉండాలి.