బల్ల మీద బోధన్ రైలు

బొమ్మ రైలు అనగానే పెద్దల ముఖాన ఒక చిరునవ్వు కనిపిస్తుంది. అది పసివారి ఆట అనీ, డిగ్రీ తరగతుల విద్యార్థులకు తగిన వ్యాసంగం కాదనీ ఆ నవ్వుకు అర్థం. గడచిన సంవత్సరమంతా మేము కొందరం కలసి, కళాశాలలోని ఒక మూల గదిలో, ఒక చిన్న శాఖా రైలుమార్గపు నమూనాను నిర్మిస్తూ ఈ నవ్వును అనేక పర్యాయాలు చూశాము. దానికి సమాధానం చెప్పుకొనవలసిన బాధ్యత మాపై ఉన్నది. ఈ నాలుగు మాటలు అందుకే.

తొలుత మాలోనే ఏకాభిప్రాయం లేదు. పది ప్లాట్‌ఫారాలు, పరుగెత్తే ఎక్స్‌ప్రెస్‌లు గల సికిందరాబాదు వంటి మహాజంక్షను కావాలని కొందరన్నారు. జానకంపేట వద్ద ప్రధాన మార్గాన్ని వీడి బోధన్ చేరే చిన్న శాఖే చాలునని మరికొందరన్నారు. నిజాం కాలంలో సికిందరాబాదు నుండి నిజామాబాదు మీదుగా మన్మాడ్ వరకు వేసిన మీటరు గేజి మార్గానికి చెందిన కొమ్మ అది. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారం వల్ల బోధన్ పేరు దేశమంతటా వినిపించింది. మాలో కొందరి పూర్వులు ఆ రైల్వేలోనో, ఆ కర్మాగారంలోనో పనిచేసినవారే. అయినను మా వివాదాన్ని తీర్చినది అభిమానం కాదు, గణితం.

మేము ఎన్నుకొన్న కొలత 1:87. అనగా అసలు వస్తువులో ఎనభై ఏడవ వంతు. మన బ్రాడ్ గేజి వెడల్పు 1676 మిల్లీమీటర్లు. ఈ కొలతలో అది 19.3 మిల్లీమీటర్లు కావలె. కాని అంగడిలో ఈ కొలతకు సాధారణంగా దొరికే పట్టా వెడల్పు 16.5 మిల్లీమీటర్లు, అది 1435 మిల్లీమీటర్ల పాశ్చాత్య గేజికి సరిపడేది. కావున మహాజంక్షనును నిర్మించదలిస్తే మొదటి పట్టాతోనే అబద్ధమాడవలసి వస్తుంది. మీటరు గేజి ఈ కొలతలో 11.5 మిల్లీమీటర్లు. 12 మిల్లీమీటర్ల పట్టా దొరుకుతుంది. తేడా అర మిల్లీమీటరు మాత్రమే. పెద్ద మార్గం మా చేతికి అందని చోట చిన్న మార్గం సత్యానికి దగ్గరగా వచ్చింది. ఇక ఎవ్వరూ మారు మాటాడలేదు.

స్థలం విషయంలోనూ ఇదే పాఠం. ఈ కొలతలో ఒక కిలోమీటరు దారికి పదకొండున్నర మీటర్ల బల్ల కావలె. మా బల్ల పొడవు 1.8 మీటర్లు, అసలు భూమిపై అది 157 మీటర్లకు మించదు. అందుచేత ఏది ఉంచవలెను, ఏది విడువవలెను అన్న ఆలోచనతోనే మూడు నెలలు గడిచాయి. ఇంజను బండిని విడిచి, పక్క పట్టా మీదుగా చుట్టి వచ్చి, రెండవ కొసకు తగులుకొనే ఏర్పాటు లేనిదే కొస స్టేషను పని జరగదు గనుక దానిని ఉంచాము. కర్మాగారానికి పోయే పక్కదారిని, ఒక చెరకు మడిని ఉంచాము. తెర చాటున మూడు పట్టాలు వేశాము. బండి అక్కడికి పోతే జానకంపేటకు పోయినట్లు, అక్కడి నుండి వస్తే నిజామాబాదు నుండి వచ్చినట్లు.

ఆట అనువారు మాతో ఒక సాయంకాలం గడపవలెనని మనవి. పట్టాల ద్వారా పోయేది 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. ధన రుణ ధ్రువాలు తారుమారు చేస్తే బండి వెనుకకు నడుస్తుంది. చూడవచ్చిన మిత్రులు మీట పూర్తిగా తిప్పి, బండిని సెకనుకు ఒక మీటరు చొప్పున ఉరికించి సంతోషించారు. లెక్క కట్టి చూడగా అది గంటకు 313 కిలోమీటర్ల వేగానికి సమానం! శాఖా మార్గంపై గంటకు ముప్పై కిలోమీటర్లతో బండి పోవలెనంటే మా బల్లను దాటడానికి సుమారు పందొమ్మిది సెకన్లు పట్టవలె. అంత నెమ్మదిగా, కుదుపు లేకుండా నడపడం ఎంత కష్టమో నడిపినవారికే తెలుస్తుంది.

స్టేషను పేరు బల్లను తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు లిపులు నాలుగింటిలోనూ వ్రాయవలసి వచ్చింది. అడుగెత్తు అక్షరం ఈ కొలతలో మూడున్నర మిల్లీమీటర్లు. ఉర్దూ శాఖ మిత్రులు, తెలుగు శాఖ మిత్రులు ఒకే కుంచెను చేతులు మార్చుకొంటూ ఆ బల్లను పూర్తి చేశారు. ఒకరి లిపిలో తప్పులను మరొకరు ఓపికగా చూసిన రోజులవి.

పని ముగిసిందని భావించిన నాడు, మా మిత్రుని దాదాగారిని పిలుచుకొని వచ్చాము. ఆయన మీటరు గేజి కాలంలో పాయింట్స్‌మన్‌గా పనిచేసి విశ్రాంతి పొందిన పెద్దలు. సిగ్నలు చేయి కిందికి వాలడం చూసి ఆనందించారు. సాయంకాలం కిరోసిను దీపాన్ని పట్టుకొని ఆ నిచ్చెన ఎక్కవలసి వచ్చేదనీ, వానలో మెట్లు జారేవనీ చెప్పారు. చిన్న శాఖలపై ఒక్క బండినే అనుమతించే పద్ధతిలో, మార్గానికి ఒక్కటే ఉండే దండం డ్రైవరు చేతికి అందనిదే బండి కదలరాదని వివరించారు. పిదప బల్లనంతటినీ మరొకమారు చూసి, "స్టేషను బాగున్నది బేటా, ఫ్యాక్టరీ బాగున్నది. మేమెక్కడ ఉన్నాము?" అని అడిగారు.

మా వద్ద జవాబు లేదు. ఇంజనుకు నీటి తొట్టి కట్టాము, సరుకుకు గోదాము కట్టాము. మనుషులకు ఇల్లు కట్టలేదు. మరుసటి వారం చెరకు మడిలో సగం తీసివేసి, ఆ చోట గ్యాంగ్‌మన్ల క్వార్టర్లు, ఒక చేతిపంపు, ఆరవేసిన బట్టలు అమర్చాము. అందం తగ్గిందని కొందరన్నారు. న్యాయం పెరిగిందని మేమంటాము.

ఇంగ్లండులోని లాంగ్ విట్టెన్‌హామ్ అనే గ్రామంలో పెండన్ మ్యూజియం ఉన్నది. 1925లో ఆస్ట్రేలియా నుండి వచ్చిన రోయ్ ఇంగ్లండ్ అనే యువకుడు, ఆ సీమలోని గడ్డికప్పు ఇళ్లు రూపుమాసిపోవడం చూసి బాధపడి, వాటిని కొలిచి, ఉన్నవి ఉన్నట్లుగా నమూనాలలో నిలపాలని సంకల్పించాడు. 1954లో మొదలైన ఆ మ్యూజియంలో నేడు రైళ్లతోపాటు ఆనాటి పల్లెలు నిలిచి ఉన్నాయి. దానిని ఎవరూ పసివారి ఆట అనడం లేదు.

మేము గతాన్ని తలచి కన్నీరు కార్చువారము కాము. మీటరు గేజి బండిలోని సరుకును బ్రాడ్ గేజి బండిలోకి కూలీలు బుట్టలతో, భుజాలతో మార్చవలసిన కాలం తిరిగి రావాలని ఎవరు కోరుతారు? 1992లో ఆరంభమైన ఏకగేజి పథకం వల్ల దేశానికి మేలే జరిగింది. బోధన్ శాఖ కూడా బ్రాడ్ గేజిగా మారింది. కాని పట్టా మారినప్పుడు పాతదానిని ఎరిగినవారి మాట కూడా పట్టాతోపాటే పెరికివేయబడరాదు. 2015లో బోధన్ కర్మాగారం మూతపడింది. దాని కూత విని పనికి పోయినవారు, ఆ బండ్లకు జెండా ఊపినవారు ఇంకా మన ఇళ్లలోనే ఉన్నారు. వారిని అడిగి తెలుసుకొనే వ్యవధి దీర్ఘమైనది కాదు.

కావున కళాశాల పెద్దలకు మా విన్నపం ఒక్కటే. ఈ గదిని మాకు మరొక సంవత్సరం ఉంచండి. సోదర విద్యార్థులకు కూడా ఒక మనవి. మా బల్ల చూడ రండి, కాని ఒంటరిగా రావద్దు. మీ ఇంట ఉన్న పెద్దవారిని, రైల్వేలో గాని, మిల్లులో గాని, చెరకు పొలంలో గాని చెమటోడ్చినవారిని వెంట తీసుకొని రండి. మేము మరచినదేదో వారు చూపుతారు. చూపినచో దానికి చోటు చేయడానికి మిగిలిన చెరకు మడిని కూడా తీసివేయడానికి మేము సిద్ధంగా ఉన్నాము.