రాయికి దొరికిన దారి

డోలీ కట్టడానికి పెద్ద సామగ్రి అక్కర్లేదు. ఒక గట్టి కర్ర, ఒక దుప్పటి, కాస్త తాడు చాలు. దుప్పటి రెండు కొసలూ కర్రకు బిగించి, మధ్యలో మనిషిని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజానికెత్తుకుంటారు. ఇద్దరు మోస్తుంటే ఇంకో ఇద్దరు పక్కన నడుస్తారు, భుజం మార్చుకోవడానికి. ఎదర ఒకడు కత్తితో తుప్పలు కొట్టుకుంటూ పోతాడు. వానాకాలంలో గెడ్డ దాటేటప్పుడు మాత్రం ఎవరూ మాట్లాడరు. అనంతగిరి మండలం కొండల మీది ఊళ్ల నుంచి ఇలా దిగేది ఎక్కువగా నిండు గర్భిణులు, జ్వరం ముదిరిన పిల్లలు. 108 వచ్చి ఆగేది తారురోడ్డు చివర. అక్కడి నుంచి పైకంతా మోసేవాళ్ల రెక్కల కష్టమే.

ఈ కొండలేమీ విశాఖకు పరాయివి కావు. గోస్తనీ నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా తాటిపూడి జలాశయానికి చేరుతుంది. అక్కడి నుంచి నగరంలో కుళాయిలకు వస్తుంది. శారద నది నీళ్లు దేవరాపల్లి దగ్గర రైవాడ నుంచి వస్తాయి. నీళ్లు పుట్టినచోట ఆడవాళ్లు మాత్రం ఎండాకాలం చెలమ పక్కన బిందె పెట్టుకుని, ఊట ఊరేదాకా కూర్చుని చెంబుతో తోడుకుంటారు.

రైలు సంగతి ఇంకా చిత్రం. బస్తరులోని బైలడిలా ఇనుప ఖనిజం జపానుకు కావలసి వచ్చింది. 1960లో ఒప్పందం కుదిరింది. ఆ దశాబ్దం తిరక్కముందే కొత్తవలస నుంచి కిరండూల్ దాకా లైను పడింది. యాభైకి పైగా సొరంగాలు తొలిచారు, లోయల మీద వంతెనలు కట్టారు, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున శిమిలిగూడలో స్టేషను పెట్టారు. ఆ ఖనిజాన్ని ఎత్తే పెద్ద ఓడల కోసం 1976 నాటికి విశాఖలో ఔటర్ హార్బర్ కూడా సిద్ధమైంది. ఇవాళ అరకు రైల్లో సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెడతారు. మళ్లీ వెలుగు రాగానే కిటికీలోంచి కనిపించే కొండల వెనక, బండి దారి లేని ఊళ్లున్నాయి. అరవై ఏళ్ల కిందటి యంత్రాలతో ఇనుపరాయిని కిందికి దించగలిగిన దేశానికి, ఇప్పుడు కొండ అడ్డమొచ్చిందంటే నమ్మడం కష్టం.

అడ్డం కొండ కాదు, తలల లెక్క. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మైదానాల్లో 500 మంది, గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఆవాసాలకే రోడ్డు అన్నారు. నక్సల్ ప్రభావిత ప్రాంతాల్లో కొన్నిటికి ఆ హద్దు వంద దాకా తగ్గింది. కొండ మీద గూడెమంటే ఎంత? పోడు భూమి, ఊటనీరు ఎందరికి సరిపోతే అందరే ఉంటారు. పదిహేను, ఇరవై ఇళ్లు. నేల స్వభావం వల్ల చిన్నవిగా ఉన్న ఊళ్లను, చిన్నవైన పాపానికి పాతికేళ్లు పక్కన పెట్టాం. 2023 నవంబరులో వచ్చిన పీఎం జన్‌మన్ ఆ హద్దును వందకు దించింది. కానీ అది ‘మరీ బలహీన గిరిజన తెగలు’గా ప్రభుత్వం గుర్తించినవాటికే. పక్క గూడెంలో ఉండే బగతలు, కొండదొరలు అందులోకి రారు. ఒకే కొండ, ఒకే గెడ్డ, ఒకే డోలీ అయినా పథకం మాత్రం తెగ పేరు అడుగుతుంది.

ఇంకో చిక్కు పటంలో ఉంది. దేవరాపల్లి, మాడుగుల, రావికమతం, రోలుగుంట మండలాల్లోని గిరిజన గూడేలు చాలావరకు షెడ్యూల్డ్ ప్రాంతం బయట ఉన్నాయి. గిరిజన భూమిని కాపాడే 1/70 చట్టం పై ఊరికి వర్తిస్తుంది, కింది ఊరికి వర్తించదు. అక్కడ గిరిజనుడి భూమిని ఎవరైనా కొనుక్కోవచ్చు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఈ గూడేలు అనకాపల్లి జిల్లాలోకి, వాళ్ల చుట్టాలు అల్లూరి జిల్లాలోకి పోయారు.

చిన్న ఊళ్ల లెక్కను ఇంకోలా చూసిన దేశం ఇండోనేషియా. ఆ పేరు వినగానే విశాఖ వాడికి ముందు గుర్తొచ్చేది బొగ్గు. ఓడల్లో దిగుతుంది, గాలికి లేచి డాబాల మీద ఆరేసిన బట్టలకు పడుతుంది. ఆ బొగ్గు వచ్చే దేశంలో పల్లెల గురించి మనం మాట్లాడుకోం. అక్కడ కూడా తూర్పు దీవుల్లో దారిలేని ఊళ్ల నుంచి గర్భిణులను వెదురుబొంగుకు సారోంగ్ కట్టి మోసుకొస్తారు. డోలీ మన సొంతమేమీ కాదు. అయితే వాళ్లు 2014లో గ్రామాల చట్టం తెచ్చి, మరుసటి ఏడాది నుంచి దాదాపు 75 వేల గ్రామాలకు కేంద్ర బడ్జెట్ నుంచి నిధులివ్వడం మొదలుపెట్టారు. మొదట్లో ఆ నిధిలో 90 శాతాన్ని ఊరు పెద్దదా చిన్నదా అని చూడకుండా సమానంగా పంచారు. మిగతా పది శాతానికే జనాభా, పేదరికం, విస్తీర్ణం లెక్కలు. పెద్ద ఊళ్లకు అన్యాయమన్న విమర్శ వస్తే 2018 నుంచి ఆ సమాన వాటాను తగ్గించారు. డబ్బు తిని జైలుకెళ్లిన ఊరిపెద్దలూ ఉన్నారు, కాబట్టి దాన్ని స్వర్గంగా చూపించడం నా ఉద్దేశం కాదు. కానీ కాలిబాట, కల్వర్టు వంటి పనులకు ఊరు పైవాళ్ల జాబితాలో పేరు కోసం ఎదురుచూడాల్సిన అవసరం తగ్గింది. ఊరన్నాక, ఎంత చిన్నదైనా, దానికో కనీస వాటా ఉంటుందన్న ఒప్పుదల అక్కడ ఉంది. మన పథకాల్లో లేనిది అదే.

మన దగ్గర కదలిక లేదనడం సరికాదు. 2024 డిసెంబరులో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ అనంతగిరి మండలం బల్లగరువు దాకా వెళ్లి రోడ్లకు శంకుస్థాపన చేశారు. మరుసటి ఏప్రిల్‌లో ‘అడవి తల్లి బాట’ పేరుతో వెయ్యి కోట్ల పైచిలుకు పనులు ప్రకటించారు. మంచిదే. అయితే మన్యంలో శంకుస్థాపన రాయికీ, తారుకూ మధ్య తరచూ అటవీ శాఖ ఫైలు పడుకుని ఉంటుంది. దానికి చట్టం దారి చూపించింది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) కింద గ్రామసభ సిఫారసు చేస్తే, హెక్టారు లోపు అడవి భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించకుండా, రోడ్డుకూ బడికీ ఇవ్వవచ్చు. మూడు మీటర్ల వెడల్పున మూడు కిలోమీటర్ల రోడ్డు వేస్తే తొమ్మిది వేల చదరపు మీటర్లు. హెక్టారు కూడా కాదు. దీనికి డివిజనల్ అటవీ అధికారి స్థాయిలో అనుమతి చాలు.

రోడ్డంటే ఆసుపత్రి ఒక్కటే కాదు, ధర కూడా. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంతకుముందే పారిస్‌లో దుకాణం తెరుచుకుంది. పాడేరు చుట్టుపక్కల లక్ష ఎకరాలకు మించి తోటలున్నాయి. విశాఖలోనే ప్రధాన కార్యాలయమున్న గిరిజన సహకార సంస్థ 1956 నుంచి అటవీ ఫలసాయం కొంటోంది. అయినా కొండ మీది రైతు మిరియాలు, పసుపు, చింతపండు నెత్తిన పెట్టుకునో, గుర్రం మీద వేసుకునో సంతకు దిగాలి. సాయంత్రం పొద్దు వాలేసరికి ఆ బస్తా తిరిగి మోసుకెళ్లలేడు. కొనేవాడికి అది తెలుసు. తెలిసినవాడు చెప్పిందే ధర. దారిలేని కొండల్లోనే గంజాయి సాగూ పాతుకుపోయింది. 2021లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరిట వేల ఎకరాల్లో పీకేశారు. పీకిన చోట కాఫీ, మిరియం నిలబడాలంటే పంట కిందికి దిగాలి. పైగా 2025లో అరకు తోటల్లో కాయతొలుచు పురుగు కనిపించింది. ఏ మూల తోటకు పురుగు పట్టిందో చూడ్డానికి కూడా మనిషి అక్కడికి చేరాలి కదా.

పిల్లల చదువు మరీ నెమ్మది. ఇంట్లో కువి భాష, బడిలో తెలుగు. ఏజెన్సీ బడుల్లో స్థానిక గిరిజనులే టీచర్లుగా ఉండాలన్న జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మైదానం నుంచి వచ్చిన మాస్టారు రోజూ కొండెక్కలేడు. ఎక్కలేదని అతణ్ని తిట్టీ లాభం లేదు. పదో తరగతి దాటిన కుర్రాడు మధురవాడ వైపు లేచే అపార్టుమెంట్లలో కూలికి చేరుతున్నాడు.

ఇప్పుడు అనంతగిరి, దేవరాపల్లి కొండల్లోనే పంప్డ్ స్టోరేజీ విద్యుత్ ప్రాజెక్టులు వస్తున్నాయి. గిరిజనులు వద్దంటున్నారు. ప్రాజెక్టు యంత్రాల కోసమైతే కొండ మీదికి రోడ్డు ఎంత త్వరగా పడుతుందో వాళ్లకు తెలుసు. రైలు సంగతి వాళ్ల తాతలు చెప్పే ఉంటారు.

ప్రభుత్వం ఖర్చులేని పని ఒకటి చేయవచ్చు. వచ్చే వానాకాలానికి ముందు, మంజూరైన ప్రతి గూడెం రోడ్డు ఎన్ని కిలోమీటర్లు, ఎంత పడింది, ఎక్కడ ఆగింది, ఫైలు ఏ అధికారి బల్ల మీద ఉంది అన్న జాబితాను పాడేరు ఐటీడీఏ గోడకూ, అనకాపల్లి కలెక్టరేట్ గోడకూ అంటించాలి. వందలోపు జనాభా ఉన్న గూడేల పేర్లు కూడా అందులో ఉండాలి.