మీ బడిలో ఒక పాతర ఉండాలి

పిల్లలూ! ఈ రోజు ఇంటికి వెళ్ళాక మీ అవ్వనో తాతనో "పాతర అంటే ఏమిటి?" అని అడిగి చూడండి. కర్నూలు, కడప పల్లెల్లోని పెద్దవాళ్ళు ఆ మాట విని ఉంటారు. గట్టి నేల చూసి లోతుగా గొయ్యి తవ్వి, లోపల చుట్టూ గడ్డి పరచి, జొన్నలు నింపి, మూతికి బండ వేసి మట్టితో మెత్తేవారు. అదే పాతర. గింజలు కూడా ప్రాణమున్నవే గదా, అవీ ఊపిరి పీలుస్తాయి. మూసిన పాతరలో ఆక్సిజన్ తరిగిపోయి కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. ఇక పురుగుకు బతుకు లేదు. జొన్నలు ఏళ్ళ తరబడి నిలిచేది అందువల్లనే. పాతర తెరిచిన వెంటనే తొందరపడి లోపలికి దిగితే మనిషికీ ప్రాణాపాయమే. అందుకని ముందు గాలి ఆడనిచ్చి, దీపం దించి చూసేవారు.

ఇక్కడ సాలుకు ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన పడుతుంది, అదీ నమ్మకం లేని వాన. 1866లోనూ, మళ్ళీ 1876-78లోనూ వచ్చిన కరువులు ఈ సీమను పీల్చి పిప్పి చేశాయి. 1866లో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి అన్నం పెట్టాడంటే, ముందుగా దాచిన ధాన్యం ఉండబట్టే. కావలసినప్పుడు సంతకు పోయి తెచ్చుకుందాంలే అని మన ముత్తాతలు ధీమాగా కూర్చోలేదు.

కంప్యూటరు సంగతి రాస్తానని కూర్చుని జొన్నల గొడవ ఎందుకు ఎత్తానంటారా? చెబుతాను.

ఆ మధ్య కడప జిల్లాలో ఒక పల్లె హైస్కూలుకు వెళ్ళాను. బడి పేరు అక్కరలేదు. ఆరు కంప్యూటర్లు, ముప్ఫైమంది పిల్లలు, ఉత్సాహవంతుడైన లెక్కల మాస్టారు. పిల్లలు తమ మండలంలో పదేళ్ళ వర్షపాతం అంకెలు సేకరించి పెట్టుకున్నారు. వాటిని పైథాన్ భాషలో గ్రాఫుగా గీయాలి. గ్రాఫులు గీసే పని పైథాన్‌కు పుట్టుకతో రాదు. అందుకు మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే మాడ్యూలు కావాలి. మాడ్యూలంటే ఎవరో రాసి, సరిచూసి, అందరికీ ఉచితంగా ఇచ్చిన తయారు ప్రోగ్రాము. ఇల్లు కట్టేవాడు బేతంచెర్ల నాపబండలు తెచ్చి పరుచుకుంటాడు గాని, తానే గనిలోకి దిగి రాయి కొట్టుకోడు గదా! ఇదీ అంతే.

మాస్టారు చెప్పగా పిల్లలందరూ నల్లటి కమాండ్ తెర మీద "పిప్ ఇన్‌స్టాల్ మ్యాట్‌ప్లాట్‌లిబ్" అని కొట్టారు. (నేను తెలుగులో రాస్తున్నాను గాని, మీరు ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లోనే కొట్టాలి సుమా.) పిప్ అనేది 2008లో వచ్చిన పనిముట్టు. మనం పేరు చెబితే అది పైపీఐ అనే పెద్ద కొట్టుకు పోయి మాడ్యూలును తెచ్చి, చోటు చూసి అమరుస్తుంది. ఒక్క మ్యాట్‌ప్లాట్‌లిబ్ అడిగితే దానితోపాటు నమ్‌పై, పిల్లో, సైక్లర్, కివీసాల్వర్ ఇట్లా పది దాకా దిగుతాయి. పెళ్ళికొడుకును పిలిస్తే తోడుపెళ్ళికొడుకు, మేనమామ, బాజాలవాళ్ళు కూడా వచ్చినట్టన్నమాట. అందులో ఏ ఒక్కరు రాకపోయినా పెళ్ళి జరగదు.

అక్కడే వచ్చింది చిక్కు. బడికి ఉన్నదల్లా మాస్టారి ఫోను నెట్టు. ఆ వేళ సెకనుకు 50 కిలోబైట్లకు మించి రావడం లేదు. ఒక చిన్న లెక్క చేయండి. ఈ బృందమంతా కలిపి సుమారు 40 మెగాబైట్లనుకుందాం, అంటే 40,000 కిలోబైట్లు. ఒక కంప్యూటరుకు 800 సెకన్లు, పదమూడు నిమిషాల పైచిలుకు. ఆరు కంప్యూటర్లూ ఒకే ధారకు కడవలు పెట్టాయి గనుక మొత్తం 80 నిమిషాలు. పీరియడు 45 నిమిషాలు! పిప్ పదిహేను సెకన్లపాటు అవతలి నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే విసుగుపడి మళ్ళీ మొదలెడుతుంది. అట్లా కొన్నిసార్లు చూసి, ఎర్ర అక్షరాలతో తప్పు చూపించి మానుకుంటుంది. గంట కొట్టేశారు. పదేళ్ళ వాన లెక్క నోటు పుస్తకంలోనే ఉండిపోయింది. ఒక అమ్మాయి నాతో, "సార్, మా వూరికి వానే కాదు, ఇది కూడా రాదు" అంది. నవ్వుతూనే అంది గాని, నాకు నవ్వు రాలేదు.

నా అభిప్రాయం ఇది. లోపం నెట్టులో కొంత ఉంది, నిజమే. అంతకంటే పెద్ద లోపం మన పద్ధతిలో ఉంది. ఒకే సరుకును ఒకే గదిలోకి ఆరుసార్లు సముద్రాలవతలి నుంచి మోయించడం ఏం తెలివి? ప్రతి బడిలోనూ మాడ్యూళ్ళ పాతర ఒకటి ఉండాలి.

అదేమంత కష్టమైన పని కాదు. నెట్టు బాగున్న చోట "పిప్ డౌన్‌లోడ్ మ్యాట్‌ప్లాట్‌లిబ్" అని కొడితే అది అమర్చకుండా, మాడ్యూలునూ దాని బంధువర్గాన్నీ ఉన్న ఫోల్డరులో ఫైళ్ళుగా దించిపెడుతుంది. ఆ ఫోల్డరుకు పాతర అని పేరు పెట్టి పెన్‌డ్రైవులో ఎక్కించుకోండి. బడికి వచ్చాక "పిప్ ఇన్‌స్టాల్ --నో-ఇండెక్స్ --ఫైండ్-లింక్స్=పాతర మ్యాట్‌ప్లాట్‌లిబ్" అని కొట్టాలి. నో-ఇండెక్స్ అంటే బయటి కొట్టుకు పోవద్దని, ఫైండ్-లింక్స్ అంటే ఫలానా చోట వెతకమని. నెట్టు చుక్క అక్కరలేదు. ఆరు కంప్యూటర్లకూ కలిపి పది నిమిషాలు చాలు.

ఆ ఫైళ్ళను వీల్ అంటారు. బండిచక్రం అనుకునేరు! పైపీఐకి ఒకప్పుడు జున్ను కొట్టు అని ముద్దుపేరు ఉండేది, మాంటీ పైథాన్ అనే ఇంగ్లండు హాస్యబృందం నాటిక ఒకదాన్ని బట్టి. పైథాన్ భాష పేరు కూడా ఆ బృందానిదే, కొండచిలువది కాదు. జున్ను కొట్టులో అమ్మేది జున్ను చక్రాలే గదా, అందుకని వీల్. అయితే బండిచక్రం సామ్యం కూడా ఒక విధంగా సరిపోతుంది. ఇరుసుకు తగని చక్రం ఎక్కదు. విండోసుకు దించిన వీల్ లినక్సుకు పనికిరాకపోవచ్చు. పైథాన్ 3.12కు దించింది 3.9కి పట్టకపోవచ్చు. ఫైలు పేరు చదివితే ఏది దేనికో అందులోనే రాసి ఉంటుంది.

కొందరు పెద్దలు నాతో వాదించారు. "ఇప్పుడన్నీ బ్రౌజరులోనే నడుస్తున్నాయి, ఈ నల్లతెర చాకిరీ పిల్లలకెందుకు?" అని. బ్రౌజరుకైనా నెట్టు కావాలిగా! అదీగాక, నల్లతెర మీద తన చేత్తో పేరు కొట్టినవాడికి ఏది ఎక్కడి నుంచి వస్తున్నదో కళ్ళకు కనిపిస్తుంది. పైపీఐలో ఎవరైనా తమ మాడ్యూలు పెట్టవచ్చు. పేరులో ఒక అక్షరం అటూ ఇటూ మార్చి దొంగసరుకు పెట్టేవాళ్ళు ఉన్నారు. పేరు తప్పు కొడితే దొంగను మనమే ఇంటికి పిలిచినట్టవుతుంది. పాతరలో వేసేటప్పుడే ఒకరు కొట్టి, ఒకరు సరిచూస్తే ఆ బెడద చాలావరకు తప్పుతుంది.

దగ్గర నిల్వ ఉంచుకోవడం బీదవాళ్ళ తిప్పలు మాత్రమే అనుకోకండి. 1995లో పెర్ల్ భాషవారు సీపాన్ అనే భాండాగారం పెట్టినప్పుడే దాని నకళ్ళను దేశదేశాల్లో ఉంచారు. ఆ తెలివి లేనప్పుడు ఏమయిందో 2016 మార్చిలో ప్రపంచం చూసింది. జావాస్క్రిప్టు వాళ్ళ ఎన్‌పీఎం కొట్టు నుంచి ఒకాయన అలిగి తన మాడ్యూళ్ళను తీసేశాడు. వాటిలో లెఫ్ట్‌ప్యాడ్ అనేది ఒకటి. పదకొండంటే పదకొండు వరుసలు! దాని మీద ఆధారపడ్డ ప్రోగ్రాములు వేలకొద్దీ కట్టుబడక ఆగిపోయాయి. రెండు గంటల తర్వాత కొట్టువాళ్ళే దాన్ని తిరిగి పెట్టారు. దగ్గర నకలు దాచుకున్నవాళ్ళకు ఆ రెండు గంటలూ ఏమీ కాలేదు.

పాతరకూ ఒక దోషం ఉంది. పాతబడుతుంది. మాడ్యూళ్ళలో లోపాలు బయటపడి కొత్తవి వస్తుంటాయి గనుక టెర్ముకొకసారి తిరగేసి కొత్తవి దించుకోవాలి. కొత్తది వచ్చిందని పాతదాన్ని వెంటనే పారేయనూ కూడదు. 2024 జూన్‌లో నమ్‌పై 2.0 వచ్చినప్పుడు 1 వరుసకు కట్టిన మాడ్యూళ్ళు కొన్ని దానితో పొసగక మొరాయించాయి. అందుకే పని సవ్యంగా నడుస్తున్న రోజున "పిప్ ఫ్రీజ్" అని కొట్టి, వచ్చిన పేర్లనూ అంకెలనూ ఒక ఫైలులో రాసి పాతరలోనే పెట్టండి. ఏ పనికి ఆ పని వేరుగా ఉండాలంటే "పైథాన్ -ఎమ్ వెన్వ్ వాన" అని కొడితే వాన అనే ప్రత్యేక గది ఏర్పడుతుంది. దాన్ని తెరిచి అందులో అమర్చినవి పక్క గది జోలికి పోవు. అక్కరలేనివాటిని "పిప్ అన్ఇన్‌స్టాల్"తో తీసేయవచ్చు. కాని అది అడిగినదాన్నే తీస్తుంది, దాని వెంట వచ్చిన చుట్టాలు అక్కడే తిష్ఠ వేసుకుంటారు.

పెన్‌డ్రైవు ఎవరు నింపిస్తారని అడుగుతారేమో. 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీ ఇడుపులపాయలో ఉంది, పల్లె బడుల్లో పది చదివినవాళ్ళే అక్కడ ఎక్కువ. కర్నూలులో 2015లో వచ్చిన ట్రిపుల్ ఐటీడీఎం ఉంది. మీ ఊరి అక్కో అన్నో వాటిలో ఒకచోట ఉండే ఉంటారు. దసరా సెలవులకు వచ్చేటప్పుడు తెమ్మని ఇప్పుడే కబురు పంపండి. కబురుతోపాటు మీ బడి కంప్యూటరు ముందు కూర్చుని రెండు సంగతులు చూసి కాగితం మీద రాసి పంపాలి: అది విండోసా, లినక్సా, "పైథాన్ --వెర్షన్" అని కొడితే ఏ అంకె వస్తున్నది.