తరతరాల నేరం ఎవరిది?

“కొన్ని కులాలలో నేరం తరతరాలుగా ఎందుకు దిగివస్తోంది?” ఇది డాక్టరేటుకు తగిన ప్రశ్నే అనుకునేవారు ఇంకా ఉన్నారు. కాని ఇది విద్వాంసుని ప్రశ్న కాదు, పోలీసు ఠాణా ప్రశ్న.

ఎరుకలవారి చరిత్రే చూడండి. కోస్తా ఉప్పును, లోపలి సీమల ధాన్యాన్ని పశువులపై మోసి అమ్ముకొని బతికినవారు వారు. తెల్లదొరల ఉప్పు విధానమూ, రైలూ కలిసి ఆ బతుకుతెరువును దెబ్బకొట్టాయి. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికీ తెచ్చారు. దానితో పుట్టుకే నేరమైపోయింది! స్టూవర్టుపురం సెటిల్‌మెంటుకు సాల్వేషన్ ఆర్మీ కాపలా కాసింది. చీరాల పొగాకు కంపెనీకి కూలీలు దొరికారు. శిక్ష ఎవరికి లాభించిందో వేరే చెప్పాలా?

1952లో ఆ చట్టం రద్దయింది. ‘అలవాటుపడిన నేరస్థుల’ చట్టాలలో దాని నీడ మిగిలింది. జైలు నిబంధనలలో విముక్త జాతులపై వేసిన ముద్ర చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది 2024లో!

పరిశోధనలో రాజకీయాలేమిటని ముక్కున వేలేసుకునే పెద్దలకు ఒకటే జవాబు: ఈ చట్టాన్ని చేసిందే రాజకీయం. తరాలు మారినా వెంటాడింది రక్తంలోని నేరం కాదు, దస్తరంలోని శిక్ష. పరిశోధక మిత్రులారా, బోనెక్కించవలసింది ఆ దస్తరాన్ని!